తురాయి కింద బొటనవేలు

నలభై మాటలు మించకూడదన్నారు.
ఫోటో పక్కన అతికించే చీటీకి
అంతకన్నా చోటు లేదట.

వస్తువు ఇప్పుడు లేదు.
మొరావియాలో ఆ కోట పై అంతస్తు తగలబడ్డ రాత్రి
బీరువాతో పాటే పోయింది.
మిగిలింది గాజు పలక మీద దాని నీడ:
సాళువ డేగ తలకు తొడిగే తోలు గంత,
నిమ్మకాయంత.

మొదట అందరూ చూసేదే నేనూ చూశాను.
జరీ కుట్టు. నడినెత్తిన కొంగ ఈకల తురాయి.
చెంప మీద దొరగారి వంశ చిహ్నం,
వేలిగోరంత జాగాలో మూడు చేపలు, ఒక కిరీటం.
పిట్ట తలమీద కూడా సంతకం పెట్టందే
నిద్రపట్టని మనుషులు, అని రాశాను.
చీటీకి పనికిరాదు.
కొట్టేశాను.

తర్వాత భూతద్దం తెచ్చుకున్నాను.

కన్ను ఉండే చోట తోలు
బయటికి ఉబ్బి ఉంది.
తడిపి, కొయ్య అచ్చు మీద సాగదీసి
రెండు రోజులు నీడన ఆరబెడితే గానీ రాదు ఆ ఉబ్బు.
చీకటి కనుగుడ్డుకు తగలకూడదని,
లోపల రెప్ప కొట్టుకోడానికి చోటుండాలని
ఎవరో లెక్క వేశారు.
గానుగ తిప్పే గుర్రానికి గోనెగుడ్డ కట్టి ఊరుకునే లోకంలో
ఇంత జాగ్రత్త ఎక్కడిది?
దయ అందామా?
ఎంత మెత్తనిదైనా గంత గంతే అందామా?
రెండూ రాసి రెండూ కొట్టేశాను.

పట్టీ కొసన పంటి గాట్లున్నాయి.
ఎడమ పిడికిలి మీద పిట్ట ఉంటే
ఒక కొస కుడిచేతితో, రెండో కొస పళ్ళతో లాగాలి,
వేరే దారి లేదు.
దొరగారి పళ్ళు కావవి.
ఆయన చేతికొచ్చేసరికి
గంత తీయడమొక్కటే మిగిలి ఉంటుంది,
ఆకాశం ఆయనే ఇచ్చినట్టు.

అచ్చువేసిన ఫోటోలో గంత గాల్లో నిలబడినట్టుంటుంది.
దేని మీద నిలబెట్టారని అడిగితే
ఎవరికీ తెలియలేదు.
నేలమాళిగలోంచి అసలు పలక తెచ్చిన బోర్జివోయ్
బట్టతొడుగులు విప్పకుండానే దాన్ని కిటికీకి ఎత్తి పట్టుకుని
"అంచు చూడండి, మావాళ్ళు కత్తిరించేసింది అదే," అన్నాడు.

అంచున, నల్లగుడ్డ మడతలోంచి
ఒక బొటనవేలు.

గోరు ఒక పక్క పగిలింది.
కణుపు మీద చుక్కలు:
సూదిపోట్లో, పలక మీద దుమ్మో, ఒట్టు వేయలేను.
ఫోటో తీసిన హినెక్ ఖర్చుల పుస్తకంలో
ఆ తేదీ కింద ఒక వరుస ఉంది:
"ఒతీలియె, వస్తువు పట్టుకున్నందుకు, అరపూట కూలి."
ఇంటిపేరు లేదు.
మూడు చేపలకు దొరికినంత జాగా ఆమెకు దొరకలేదు.

కదలకు, అని ఉంటాడు.
ఎనిమిది లెక్కపెట్టేదాకా
ఊపిరి బిగబట్టి ఉంటుంది.
ఆ ఎనిమిది అంకెల సేపు
పిట్ట తల ఉండాల్సిన చీకట్లో ఆమె వేలుంది.
లోపలి మెత్తదనం తెలిసిన ఆఖరి మనిషి.
అక్కడింకా ఈక నూగు తగిలిందా,
ఎప్పుడో ఆరిపోయిన వెచ్చదనం వాసన వేసిందా,
చక్కిలిగింత పుట్టిందా,
ఆమెనెవరూ అడగలేదు.
తురాయి మాత్రం కాస్త చెదిరింది ఫోటోలో.
నవ్విందేమో.
నాకు నవ్విందనే ఉంది.

చీటీ ఇచ్చేశాను.
జరీ, తురాయి, చేపలు, శతాబ్దం, తోలు రకం,
అన్నీ వాళ్ళడిగినట్టే.
పై అధికారిణి రెండు కామాలు సరిచేసి సంతకం పెట్టింది.
చివరి వరుస ఆమె చదివిందో లేదో:

ఎత్తు, తురాయితో కలిపి, తొమ్మిది సెంటీమీటర్లు,
బొటనవేలు కాక.

గోడకెక్కి ఏడాదైంది.
ఏ బొటనవేలని
ఇంకా ఎవరూ అడగలేదు.